భూపాలపల్లి పోయినంత సేపు

మా మరిది దుబాయికి మేస్త్రీ పనికి పోయిన కొత్తలో ఫోన్ చేసి మా అత్తమ్మకు ధైర్యం చెప్పాడు.

"రెండున్నర వేల కిలోమీటర్లంటె బుగులు పడకే అవ్వా. శంషాబాద్‌ల ఇమానం లేస్తె నాలుగు గంటలల్ల ఈడ దిగుతది. నువ్వు జనగామల బస్సెక్కి భూపాలపల్లి అక్క ఇంటికి పోయినంత సేపే."

"మా బస్సే నయ్యం బిడ్డా. హన్మకొండల దిగి చాయన్న తాగొచ్చు," అన్నది అత్తమ్మ.

నేను చదివింది మూడో తరగతే. ఆ నాలుగు గంటలు మాత్రం మనసులో ఉండిపోయాయి.

మూడేళ్లకు, ఒక పొద్దున, అతని గదిలో ఉండే మనిషి ఫోన్ చేశాడు. పడుకున్నవాడు లేవలేదని చెప్పాడు. మా ఆయన పొలం నుంచి రాకముందే అత్తమ్మకు చెప్పేశాను. తప్పంతా అక్కడే జరిగింది. ఇలాంటి కబురు, శవం శంషాబాద్‌లో దిగేదాకా తల్లికి చెప్పకుండా దాస్తారట. నాకేం తెలుసు? నాలుగు గంటలే కదా, పొద్దుగూకేసరికి తెస్తారనుకున్నాను. భూపాలపల్లి నుంచి ఆడబిడ్డ కూడా అలాగే అనుకొని వచ్చింది.

మాలో శవం ఇల్లు దాటేదాకా పొయ్యి ముట్టించరు. అత్తమ్మ తన చేత్తోనే గ్యాస్ కట్టేసింది.

ఆ రోజు రాలేదు. మరునాడూ రాలేదు. అక్కడి పోలీసుల కాగితం, దవాఖాన కాగితం, ఇంకేవో సంతకాలు కావాలన్నారు. మూడు రోజులు వాడకట్టంతా అన్నం తెచ్చి పెట్టింది. తర్వాత ఎవరి పనులు వాళ్లవి. ఆడబిడ్డ కూడా పోయింది. అత్తమ్మ పక్కింటి నుంచి వచ్చే చాయ నీళ్ల మీదే కూర్చుంది. ఎవరు బతిమాలినా, "ఇగో, వస్తనే ఉన్నడు," అనేది.

ఆరో రోజు ఆమెకు లేవడానికి కాలేదు. నేను తలుపేసుకొని పొయ్యి ముట్టించి, జొన్న జావ కాచాను. పక్కింటి అక్క పంపిందని చెప్పి తాగించాను. రోజూ అదే అబద్ధం.

ఇరవై రెండో రోజు పెట్టె వచ్చింది. అత్తమ్మ అంబులెన్స్ డ్రైవర్‌ను అడిగింది.

"ఇమానం ఎంతసేపట్ల వచ్చిందట నాయినా?"

"నాలుగు గంటలేనట అవ్వా."

ఆమె తలూపింది. ముఖం చూపిస్తే ఏడవలేదు. కనుబొమ్మ మీది చిన్ననాటి గాటు వెతికి, "వీడే," అన్నది. పెట్టె లేపే ముందు నా చెయ్యి పట్టుకుంది.

"జావ పక్కింటిది కాదు. ఉప్పు నీ చెయ్యిదే. మొదటినాడే ఎరికైంది."

"మరెందుకు తాగినవ్ అత్తమ్మా?"

"వీని మొకం సూడాలె గద."

అందరూ తిరిగొచ్చి స్నానాలు చేశాక, ఏ దాపరికం లేకుండా పొయ్యి ముట్టించాను. జావ గిన్నె ముందు పెడితే ఆమె మెల్లగా పక్కకు జరిపింది.

"ఇగ ఎందుకు బిడ్డా," అన్నది.