బరువెక్కిన తూటా

వేటగాళ్ల రైఫిళ్ల తూటాల్లో తుపాకిమందు తూచి చేత్తో నింపడంలో వెర్లిన్‌ది అమెరికాలోని మోంటానాలో ముప్పై ఏళ్ల పేరు. ఆ శరత్కాలంలో, నింపిన యాభై తూటాల్లో ఒకటి ఎక్కువ బరువు తూగింది. మందు ఎక్కువైతే రైఫిలే పేలిపోతుంది.

"త్రాసు ముట్టుకున్నావా?" అని భార్య నడీన్‌ను నిలదీశాడు.

"నీ కొట్టంలోకి పిల్లి కూడా రాదు, నేనెందుకొస్తా?"

కొట్టానికి వచ్చిపోయే స్నేహితుడు రాస్కోనూ అనుమానించాడు. అతను ముఖం మాడ్చుకుని వెళ్లిపోయాడు.

వెర్లిన్ తూటాలన్నీ విప్పి, తలుపు గడియపెట్టి, ఒంటరిగా మళ్లీ నింపాడు. భూతద్దం పెట్టి తూచి చూస్తే, ఈసారి రెండు బరువెక్కాయి. త్రాసు ముల్లు గీత మీదుందో, దాటిందో తన కళ్లకే ఆనడం లేదని అప్పుడు తెలిసింది.

సిగ్గుపడుతూ రాస్కో ఇంటికి వెళ్లాడు. "ఇకనుంచి నువ్వు తూచు, నేను నింపుతా."

"ముందు నా మీద కేసు ఎత్తేయవయ్యా!" అన్నాడు రాస్కో, కోటు తొడుక్కుంటూ.