తుడిచేసిన వాయి అక్షరాలు

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతిని ఇక్కడ న్యూజెర్సీలో మా ఊరి లైబ్రరీ వారికి ఎన్నిసార్లు చెప్పుకున్నా ఇంతవరకు ఎవరూ పట్టించుకోలేదు. అక్కడి గోడమీద ‘స్వాగతం’ అన్న మాట మన తెలుగుతో సహా చాలా లిపుల్లో ఉంది. వాయి లిపిలో లేదు. దాన్నీ చేర్చమని అడుగుతుంటే మనవాళ్ళే, “మనది ఉంది కదా అంకుల్, ఇంకెందుకు మీకు?” అంటున్నారు. ఎందుకో చెబుతాను.

అప్పట్లో మా పక్కింటి ఆంటీది లైబీరియా. ఆవిడ మాతృభాష వాయి. కొద్దిమందే మాట్లాడే ఆ భాషకు సొంత లిపి ఉంది. మా బడిలో ఒకరోజు పిల్లల ఇళ్ళనుంచి పెద్దవాళ్ళు వచ్చి తమ భాషను బోర్డుమీద రాయాలన్నారు. మా అమ్మ, “నాకు షిఫ్ట్ ఉంది నాన్నా, ఆంటీని తీసుకెళ్ళు” అంది. ఆంటీ వచ్చి తన లిపిలో ఒక వరుస రాశారు. మా టీచరు నవ్వి, “బొమ్మలు ఎంత ముద్దుగా ఉన్నాయో” అంది.

ఆంటీ నావైపు వంగి, మీ భాషలో ఏదైనా ఒక మాట చెవిలో చెప్పమన్నారు. చుట్టూ అందరి అమ్మలూ ఉన్నారు. నాకు తోచింది ఒక్కటే, అదే చెప్పాను. ఆవిడ అది బోర్డుమీద రాసి, తనను కారులో తీసుకొచ్చి బయట వరండాలో కూర్చున్న తమ్ముణ్ణి లోపలికి పిలిచారు. తెలుగు ఒక్క ముక్క రాని ఆ మనిషి బోర్డు వంక చూసి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, “మా... అమ... రాలేదు” అన్నాడు.

ఎవరికీ వినపడకూడదని నేను గొణిగిన మాట, తెలుగు తెలియని మనిషి నోట, మా అమ్మ భాషలోనే వినిపించింది. టీచరు మాత్రం, “ముందే ప్రాక్టీస్ చేసుకొచ్చారన్నమాట” అని డస్టరుతో అంతా తుడిచేసింది.

కారులో నేను ఉక్రోషంతో ఏడుస్తుంటే ఆంటీ అన్నారు: “నాకిది బడిలో ఎవరూ నేర్పలేదు బాబూ. ఇంట్లో మా మామయ్య పక్కన కూర్చుని నేర్చుకున్నాను. మా వాళ్ళంతా అంతే. నేర్పనివాళ్ళు తుడిస్తే పోతుందా?” ఆ సాయంత్రానికే ఆవిడ మరిచిపోయినట్టున్నారు. నేను మరవలేదు.

ఆంటీ ఇప్పుడు లేరు. నాకు తెలియని రాత ఎక్కడ కనబడినా, దాన్ని చదవగల మనిషి ఎక్కడో ఉంటాడని అనుకుని, తీసిపారేయకుండా ఆగడం మాత్రం ఆ రోజునుంచి నాకు మిగిలింది. లైబ్రరీ వారు అడిగితే ‘స్వాగతం’ అన్న ఆ ఒక్క మాటా వాయిలో రాసిస్తానని ఆవిడ తమ్ముడు ఇప్పటికీ అంటున్నారు. వారు ఆ గోడమీద చోటిస్తారో ఇవ్వరో, ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వరో, వాళ్ళలో ఎవరో ఒకరు నా ఎదుట నిలబడి జవాబు చెప్పాలి.