పన్నీరు బుడ్డి పట్టిన మగపిల్లలు

ఈ రోజు మా యూనివర్సిటీలో లైంగిక వేధింపుల మీద అవగాహన సదస్సు జరిగింది. సదస్సు దేని మీదైనా, అతిథులకు పన్నీరు చల్లి గులాబీలివ్వడానికి ఆడపిల్లలు చీరలు కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడాలి. మా హెచ్‌ఓడీ గారు ఈసారీ అదే పురమాయించారు.

"పోయినసారి గులాబీ తీసుకుంటా ఒకాయన నా చెయ్యి పట్టుకోని వదల్లేదు సార్. ఈసారి నేను నిలబడను" అని బుచ్చిరెడ్డిపాలెం నుంచి వచ్చే ఫైనలియర్ సుగుణ ఆయన మొహం మీదే చెప్పేసింది.

ఆయన నావైపు చూశారు. వేధింపుల నివారణ కమిటీలో ఉన్నదాన్ని కాబట్టి, చెయ్యి పట్టుకున్న ఆ పెద్దమనిషి పేరు సుగుణను అడిగి రాసుకున్నాను. అది కమిటీలో తేలుతుంది. "ఈ పూటకు మగపిల్లల్ని నిలబెడదాం సార్" అన్నాను.

సుగుణ క్లాసులోనే చదివే మస్తాన్, ఇంకో ఇద్దరు ఇస్త్రీ చొక్కాలేసుకుని హుషారుగా నిలబడ్డారు. మొదటి అతిథి కళ్లజోడు తడిసిపోయేలా పన్నీరు కుమ్మరించారు. కాసేపటికే మస్తాన్ హాల్లోకి, నా దగ్గరికి వచ్చేశాడు.

"వచ్చినోళ్లంతా ఎగాదిగా చూస్తా ఉండారు మేడం. నవ్వమంటా ఉండారు. చేతులు ఏడ పెట్టుకోవాలో తెలీడం లేదు."

ముందు వరుసలో తీరిగ్గా కూర్చున్న సుగుణ, "మేం రెండేళ్లు నిలబడినాం. పో మస్తానూ, ఇంకో కారు వచ్చింది" అంది.

ముఖ్య అతిథి గంటసేపు బాగానే మాట్లాడారు. మస్తాన్‌కు మాత్రం సదస్సు గుమ్మం దగ్గరే అయిపోయింది.

ఇంతకీ మీ కాలేజీల్లో పన్నీరు బుడ్డి ఎవరి చేతిలో ఉంటుంది?