డ్రిల్లు మాస్టారికి చేసిన సన్మానం

ఆ రోజుల్లో నాకు ఫుట్‌బాల్ గురించి తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ల వయసులో ఉండే తెలివి మనిషికి మళ్లీ రాదు. రాష్ట్రాన్ని ఎలా పాలించాలో, పక్కింటివాళ్లు పిల్లల్ని ఎలా పెంచాలో, ఓడిపోయిన మ్యాచ్ ఎలా గెలిచి ఉండాల్సిందో అన్నీ తెలిసిపోయి ఉంటాయి. నేను బంతిని తన్నింది మాత్రం ఒక్కసారే. (చెప్పు వెళ్లి గోల్లో పడింది. బంతి ఉన్నచోటే ఉంది.) ఆటోనగర్‌లో లారీ విడిభాగాలు అమ్మే షాపులో కొత్తగా బిల్లులు రాసే ఉద్యోగం. సాయంత్రమయ్యేసరికి నా స్కూటీ ఇంటికి పోకుండా, పటమటలో మా వీధి వెనకున్న గ్రౌండు వైపు తిరిగేది. అక్కడ మా పేట జట్టు ఆడుతుండేది. దానికి అభిమానులం ఎంతమందిమంటే, వానొస్తే అందరం ఒక గొడుగు కింద సర్దుకునేవాళ్లం.

అభిమానులకి నాయకుడు మా బాబాయ్. ఆయనకి టెంట్ హౌస్ ఉంది. పెళ్లిళ్లకీ సభలకీ షామియానాలు, కుర్చీలు, మైకులు అద్దెకిస్తాడు. రెండో ఆయన ఆఫ్‌సైడ్ గారు. బ్యాంకులో చేసి రిటైరయ్యారు. అవతలివాళ్లు గోల్ కొట్టినప్పుడల్లా, అది చెల్లదని, "ఆఫ్‌సైడ్!" అని లేచి నిలబడేవారు కాబట్టి ఆ పేరు. మూడో ఆయన మా సందు చివరి చర్చి పాస్టర్ గారు. ఆదివారం ప్రసంగం తొందరగా ముగిసిందంటే ఆ రోజు మ్యాచ్ ఉందని సంఘమంతటికీ తెలిసిపోయేది.

ఇక మా కోచ్ డ్రిల్లు మాస్టారు. స్కూల్లో డ్రిల్లు చెప్పి, రిటైరయ్యాక ఆ విజిల్‌తోనే వచ్చి మా జట్టుని పట్టుకున్నారు. ఆయన దృష్టిలో గోల్ కొట్టడం అదృష్టం, గోల్ పడకుండా చూసుకోవడం సంస్కారం. అందుకని పదకొండుమందినీ మా గోల్ ముందు నిలబెట్టి, ఎవడైనా నాలుగడుగులు ముందుకి పోతే "ఎక్కడికిరా ఊరేగింపు? వెనక్కి రా!" అని కేకేసేవారు. ఒక్క గోల్‌తో ఓడిపోతే అది గౌరవప్రదమైన ఫలితం కింద లెక్క. ఎప్పుడో ఒక పెద్ద జట్టు మా మీదికొస్తే, దాన్ని ఒక్క గోల్ కూడా కొట్టనివ్వకుండా డ్రా చేసి పంపారట. ఆనాటి ఫొటో బాబాయ్ షాపులో దేవుళ్ల పటాల పక్కన ఉండేది, దానికీ అగరొత్తులు వెలిగేవి.

అలాంటిది, ఎలా వచ్చిందో ఏమో, ఒక ఏడాది మా జట్టు ఫైనల్‌కి వచ్చింది. అవతల కొండపల్లి జట్టు. సగం ఆట అయ్యేసరికి వాళ్లు పెనాల్టీతో ఒక గోల్ ముందున్నారు. అప్పుడు మాస్టారు లేచి, మాకున్న ఒకే ఒక్క ఫార్వర్డ్‌ని బయటికి పిలిచి, ఇంకో డిఫెండర్‌ని లోపలికి పంపారు. "ఎందుకండీ?" అని ఆ కుర్రాడు ఏడుపు మొహంతో అడిగితే, "ఇంకో గోల్ పడకూడదు కదరా" అన్నారు. పడలేదు. ఒకటి–సున్నాతో ఓడిపోయాం. మాస్టారు గెలిచిన మనిషిలా నవ్వుతూ, కుర్రాళ్ల వీపులు తట్టుకుంటూ బయటికొచ్చారు.

మేం నవ్వలేదు. గ్రౌండు పక్కన బజ్జీల బండి దగ్గర కూలబడ్డాం. బాబాయ్ పళ్లెంలో మిరపకాయ బజ్జీలు వరసగా పేర్చాడు.

"ఇదిగో, మనవాళ్లంతా ఇక్కడ. అందరూ వెనకే. మరి ముందెవరున్నారు? ఉల్లిపాయ ముక్కలు!"

"అసలు ఆ గోల్ ఆఫ్‌సైడండీ," అన్నారు ఆఫ్‌సైడ్ గారు.

"పెనాల్టీకి ఆఫ్‌సైడేంటండీ బాబూ!"

"అదే నేను చెప్పేది. ఆ రిఫరీకి ఏమీ తెలీదు."

"ఏదేమైనా ఆయన సేవ మర్చిపోకూడదండి," అన్నారు పాస్టర్ గారు మెల్లిగా. "ఆ డ్రా ఉందే..."

"ఇంకెన్నాళ్లండీ ఆ డ్రా! ఆ రోజు గోల్‌కీపర్‌కి ఇవాళ మనవలున్నారు," అన్నాడు బాబాయ్. ఈ గొడవలో మా లెఫ్ట్ బ్యాక్‌ని ఎవరు తినేశారో మాత్రం తేలలేదు. (పాస్టర్ గారి మీద నాకిప్పటికీ అనుమానమే.)

అప్పుడు నేనే అన్నాను, "బాబాయ్, మాస్టారిని మార్చాలి" అని. బండాయన చేతిలో గరిటె కూడా ఆగిపోయింది. అందరి మనసులో ఉన్నదీ అదే, కానీ ఎవరు చెప్తారు? బాబాయ్ ఆయన దగ్గర డ్రిల్లు చేసినవాడే. యాభై దాటినా ఆ విజిల్ వినపడితే చేతులు వాటంతటవే పక్కలకి అంటుకుపోతాయి.

మా వైపు పెద్దవాళ్లని ఎవరూ పొమ్మనరు. సన్మానం చేస్తారు. శాలువా కప్పి, దండ వేసి, పళ్లబుట్ట చేతిలో పెట్టి, "వారి సేవలు చిరస్మరణీయం" అన్నారంటే రేపట్నించి రానక్కర్లేదని అర్థం. షామియానా మనదే, మైకు మనదే. ఇంకేం కావాలి? బాబాయ్ గుడివాడ నుంచి ఒక కుర్ర కోచ్‌ని మాట్లాడేసుకున్నాడు కూడా. అతను ముందుకురికి ఆడించే రకం. సభ చివర్లో అతన్ని పరిచయం చెయ్యాలి, అంతకుముందు "మాస్టారు ఇక విశ్రాంతి తీసుకోవాలని మా కోరిక" అని ఎవరో ఒకరు అనాలి. ఆ ఒక్క వాక్యం నా నెత్తిన పడింది. "ఆడపిల్ల చెప్తే తిట్టరే" అన్నాడు బాబాయ్.

ఆదివారం సాయంత్రం గ్రౌండులో సభ. కొత్త కోచ్ ఇస్త్రీ చొక్కాతో ముందు వరసలో కూర్చున్నాడు. మేం మర్చిపోయిందల్లా ఒక్కటే. సన్మాన సభలో మైకు పట్టుకున్నవాడు పొగడకుండా ఉండలేడు, పొగడ్డం మొదలుపెట్టాక ఆపలేడు. ఆఫ్‌సైడ్ గారు మొదట లేచారు. "మాస్టారు మన పేటకి కోటగోడండీ! ఫైనల్లో ఒక్క గోలే పడిందంటే అది వారి చలవ. అదీ ఆఫ్‌సైడే!" అని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పాస్టర్ గారు కళ్లు మూసుకుని, "ఈ సేవకుణ్ణి ఇంకా అనేక సంవత్సరాలు ఇదే గ్రౌండులో నిలబెట్టు తండ్రీ" అని ప్రార్థించారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది మా బాబాయే. తర్వాత ఆయన మైకు అందుకుని, "మాస్టారు లేని జట్టుని నేను కలలో కూడా ఊహించలేను" అనేసి, ముందు వరస చూసి, గతుక్కుమని కూర్చున్నాడు. కొత్త కోచ్‌కి ఎవరో గోలీ సోడా తెచ్చిచ్చారు.

ఇక నా వంతు. మాస్టారి భుజం మీంచి శాలువా జారిపోతుంటే, మైకు దగ్గరికి వెళ్లేముందు సర్దడానికి వంగాను. ఆయన ఎవరికీ వినపడకుండా, "అమ్మాయ్, బంతుల గది తాళంచెవి నీకివ్వనా, మీ బాబాయ్‌కివ్వనా?" అన్నారు. గుప్పిట్లో తాళంచెవి ఉంది, ఇంటి దగ్గర్నుంచి పట్టుకునే వచ్చినట్టున్నారు.

"మాస్టారూ, అది..."

"నాకు తెలీదుటమ్మా? మా హెడ్మాస్టరు గారికి శాలువా కప్పింది నేనే కదా. కుర్రాళ్లకి మాత్రం ఇవాళ చెప్పకండి. బుధవారం ఫ్రెండ్లీ మ్యాచ్ ఉంది, బెంగపెట్టుకుంటారు."

ఆయన మొహంలో కోపం ఉన్నా బాగుండేది, లేదు. నేను ఎన్నోసార్లు అద్దం ముందు చెప్పుకున్న వాక్యం నోట్లోనే ఎండిపోయింది. మైకు పట్టుకుని "మాస్టారు ఇక..." అన్నాను. ముందు వరసలో కొత్త కోచ్ కాలరు సర్దుకున్నాడు. "మాస్టారు ఇక ఒక్కరే కష్టపడక్కర్లేదు. వచ్చే సీజన్ నుంచి మన జట్టుకి ఇద్దరు కోచ్‌లు. వెనక మాస్టారు, ముందు గుడివాడ నుంచి వచ్చిన ఈ అన్నయ్య గారు!"

కుర్రాళ్లు ఈలలు వేశారు. బాబాయ్ తల పట్టుకుని, ఆ చేతులతోనే చప్పట్లు కొట్టాడు. మాస్టారు తాళంచెవి జేబులో వేసుకుని, మెడలో దండ తీసి కొత్తాయనకి వేశారు. "సగం గీత దాటించి మా పిల్లల్ని తీసుకెళ్లాలంటే ముందు నాతో ఒక మాట చెప్పండి" అన్నారు. అతను పాపం సరేనండీ అన్నాడు.

ఆ సీజన్లో మా ఆట చూసి తీరాలి. అటునుంచి ఒకాయన "పోండ్రా" అంటే ఇటునుంచి ఇంకొకాయన "రండ్రా" అనేవారు. కుర్రాళ్లు మధ్యలో నిలబడి దాహం తీర్చుకునేవారు. గెలిచింది తక్కువే. కానీ ఆ ఇద్దరూ రోజూ సాయంత్రం ఒకే బెంచీ మీద కూర్చుని కొట్టుకునేవారు, మాస్టారి మొహం కళకళలాడేది.

తర్వాత కొన్నేళ్లకి మోకాళ్లు సహకరించక, ఆయనే ఒక పొద్దున కొత్తాయన ఇంటికి వెళ్లి తాళంచెవి ఇచ్చేసి వచ్చారట. మాకెవరికీ చెప్పలేదు. ఆ వారమే మేం ఒక మ్యాచ్ ఓడిపోయి బజ్జీల బండి చుట్టూ కూర్చుని ఉంటే, అన్నేళ్లలో ఎప్పుడూ అటు తొంగిచూడని మాస్టారు కర్ర ఆనించుకుంటూ వచ్చారు. అందరం లేచి నిలబడ్డాం. ఆయన నా పక్కన కూర్చుని, బజ్జీ ఒకటి తుంచి, చుట్టూ చూసి గొంతు తగ్గించారు.

"మీతో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఇతనికి ఆట బొత్తిగా తెలీదమ్మా. కోచ్‌ని మార్చాలి."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆయన మాలో ఒకరై కూర్చుని అలా తిడుతుంటే కలిగిన సంతోషం ఏ గోల్‌కీ కలగలేదు నాకు. అయినా పైకి మాత్రం పెద్దరికంగా, "ఒక్క మ్యాచ్ ఓడితే మార్చేస్తామా మాస్టారూ? పాపం, కొంచెం టైమ్ ఇవ్వాలి కదండీ" అన్నాను. బాబాయ్ తినడం ఆపి నావైపు ఎగాదిగా చూశాడు.