చేపల తొట్టిలో మా ఊరి పలక

మార్కాపురంలో నీళ్ళ ట్యాంకరు వచ్చే వేళ చూసుకుని జనం పెళ్ళిచూపులు పెట్టుకునే కాలం అది. అలాంటి కాలంలో మా పిల్లల డాక్టరు గారికి ఆసుపత్రి వరండాలో సముద్రపు చేపల్ని పెంచాలని బుద్ధి పుట్టింది. సూదికి ఏడ్చే పిల్లలు చేపల్ని చూసి ఊరుకుంటారని ఆయన ఆలోచన. (ఊరుకునేవాళ్ళే. ఆ తర్వాత వాళ్ళను తొట్టి దగ్గర్నుంచి సూది దగ్గరికి ఈడ్చుకురావడం నా పని.) నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, అక్కడ కాంపౌండరును. ఆ చేపలు ఎందుకు చచ్చాయో ఆసుపత్రిలో అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. అది అబద్ధం. అందులో సగం వాక్యం నాది.

తొట్టి బిగించడానికి చెన్నై నుంచి వచ్చిన మనిషి వెనక అరలో చిల్లులు చిల్లులుగా ఉన్న గరుకు రాళ్ళు పోశాడు. చేపల మలినం నీళ్ళలో విషమవుతుందట. ఆ చిల్లుల్లో కాపురముండే కంటికి కనబడని సూక్ష్మజీవులు దాన్ని విరిచేస్తాయట. రాళ్ళు మార్చాల్సి వస్తే సగం పాతవి ఉంచాలి, కొత్తవి కూడా చిల్లులున్నవే ఎంచుకోవాలి అని రెండుసార్లు చెప్పాడు. సారు తల ఊపి, నా వైపు చూపించారు. నేను ఇంకా గట్టిగా తల ఊపాను.

క్యాను నీళ్ళలో సముద్రపు ఉప్పు కలిపే పని మా ఆయాది. ఆమెను మేము ఫినాయిలక్క అనేవాళ్ళం. మనిషి కంటే ముందు వాసన వచ్చేది. పుల్లలచెరువు వైపు నుంచి బతకడానికి వచ్చిన ఒంటరి మనిషి. ఉప్పు కలిపేటప్పుడల్లా అనేది: "మా ఊళ్ళో మనుషులు బోరునీళ్ళు తాగి కాళ్ళు వంకర్లు పోతుండారు. ఈడేమో మంచినీళ్ళను చెడగొట్టి చేపలకు పోస్తుండాము. ఏం పుణ్యం చేసుకున్నాయో ఇవి."

ఎనిమిది నెలలకు ఆ రాళ్ళకు గోధుమరంగు జిగురు పట్టింది. కొత్తవి తెప్పించమన్నారు సారు. చెన్నై మనిషి పంపిన కాగితంలో పింగాణీ రింగులు, ప్లాస్టిక్ బంతులు, గుల్ల రాళ్ళు, ఇలా రకరకాల బొమ్మలున్నాయి. నాకు రోషం వచ్చింది. మా నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. దేశంలో ఎంతమంది అక్షరాలు దిద్దారో మా ఊరి రాయి మీద, నాలుగు చేపలకు చాలదా అనుకున్నాను. పలక ముక్కలు కావాలని నాయననడిగితే, రాయి కోస్తూనే అన్నాడు:

"నున్నగా కోసియ్యమంటావా? చేపలేమన్నా అ ఆలు దిద్దుకుంటాయేందిరా?"

నున్నగానే కోయించాను. జిగురు పట్టిన రాళ్ళన్నీ పెరట్లో పారబోసి, పలక ముక్కల్ని సబ్బుతో మూడుసార్లు కడిగి, పుస్తకాల్లాగా వరసగా పేర్చాను. నీళ్ళు అద్దంలా అయ్యాయి. సారు నా భుజం తట్టారు. (విషానికి రంగుండదని అప్పుడు నాకు తెలియదు. కాంపౌండరుకు తెలియాల్సిన విషయమే.) అయిదో రోజుకు చేపలు నీళ్ళపైకి వచ్చి నోళ్ళు తెరిచాయి. ఎనిమిదో రోజుకు ఆఖరుగా మిగిలిన నీలం చేప కూడా పోయింది.

సారు తొట్టి ముందు నిలబడి గాలి పీల్చారు. ఫినాయిల్ వాసన. అందరూ అక్క వైపు చూశారు. గుడ్డతో అద్దం బయట తుడిచినానే గానీ లోపల చెయ్యి పెట్టలేదని ఆమె చెప్పింది. సారు నన్నడిగారు, నువ్వేమన్నా చూశావా అని.

"చూడలేదు సార్. కానీ ఆ గుడ్డ..." అన్నాను.

అంతే. మిగతా సగం సారు పూర్తి చేసుకున్నారు. ఆ సాయంత్రమే అక్కను మాన్పించారు.

వెళ్ళేముందు ఆమె పెరట్లోకి పిలిచి నా చేతిలో ఒక కవరు పెట్టింది. లోపల నేను పారేసిన గరుకు రాళ్ళు, శుభ్రంగా కడిగి ఎండబెట్టినవి.

"మడమలు రుద్దుకోను బాగుండాయని ఏరి పెట్టుకుంటి. అయిటిలోనే ఏందో ఉండాది తమ్ముడూ, అయి తీసినాకనే చేపలు పోయినాయి. మళ్ళా చేపలు తెస్తే ఇయ్యే పెట్టు."

"సారుకు చెప్పలేదా అక్కా?"

"ఇద్దరం పోతే ఏం లాభం? నువ్వు పెళ్ళి కావాల్సినోడివి."

ఇప్పుడైనా పరుగెత్తి సారుతో చెప్పొచ్చు అనుకున్నాను. అనుకుంటూ ఉండగానే ఆమె ఆటో ఎక్కింది. తర్వాత రెండుసార్లు ఆమె ఊరు పోయాను. మొదటిసారి గుంటూరు మిరపకోతలకు పోయిందన్నారు. రెండోసారి, ఇక రాదన్నారు.

పోయిన నెల సారును చూడబోయాను. ఆయన ఆసుపత్రి మూసేసి చాలా ఏళ్ళయింది. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. ఉన్నదంతా చెప్పాను, రాళ్ళ సంగతి, పలకల సంగతి, సగం వాక్యం సంగతి. కళ్ళు మూసుకుని విన్నారు.

"ఆ నీలం చేప బాగుండేది కదయ్యా," అన్నారు. కాసేపటికి, "ఏ ఆయా?" అని అడిగారు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ గుడ్డ తప్పేమీ లేదు, ఆ చెయ్యి తప్పు అసలే లేదు. ఆ రాళ్ళలో ఒకటి ఇప్పటికీ మా స్నానాలగదిలో ఉంది. ఇట్లాంటి రాయి ఎక్కడా దొరకదని మా ఆవిడ మెచ్చుకుంటూ ఉంటుంది, ఎవరు ఎంచి తెచ్చారని అడుగుతుంది. చేపలకు రాయి ఎంచబోయిన ఆ ఇరవై రెండేళ్ళ మొనగాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. మా అక్క ఎంచింది అంటాను. నీకు అక్క లేదు గదా అంటుంది ఆవిడ.