దున్నిన జనుముకు ఇనాం లేదు

ఆ రోజు జీపు పక్కన నిలబడి నేను ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. "సార్, పంట ఉండె. చూడనీకి నేనే రాలేదు." ఆ మాట చెప్పలేదు. చెప్పనందుకు ఆఫీసులో నాకు నికార్సైన మనిషినని పేరొచ్చింది. మా గల్లీకి పాలు పోసే ఆయనకు దొంగ అని పేరొచ్చింది. కొన్నేండ్లు ఈ కథను నాకు అనుకూలమైన తీరుగ చెప్పుకుంట తిరిగిన. ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తున్న.

డెబ్బయిల ఆఖరు అది. లాల్‌దర్వాజాలో కిరాయికి ఉండేటోళ్లం. పంటలకు సంబంధించిన ఒక ఆఫీసులో నాది ఫీల్డ్ అసిస్టెంట్ కొలువు. ఆ ఏడు మా ఆఫీసుకు సోయా పిచ్చి పట్టింది. సోయా అంటే ఏందో మా గల్లీలో ఎవరికీ తెలియదు. మాంసానికి బదులన్నరు, పాలకు బదులన్నరు, సిబ్బందికి తలా ఒక సంచి పంచి ఇంట్లో తిని చూడమన్నరు. మా ఇంటామె పొద్దున పొయ్యి మీద పెడితే పగటాలకు కూడా గింజ గింజ లెక్కనే ఉంది. "ఇది తినేదా, పిల్లలు గోళీలాడేదా?" అని అడిగింది. నేను ఆఫీసుకు పోయి, "ఇంటిల్లిపాది ఇష్టంగ తింటున్నం సార్" అని చెప్పిన. నా ఉద్యోగ జీవితంలో నివేదికలన్నీ దాదాపు ఇట్లనే ఉండేవి.

సోయా ఒక్కటే కాదు, దాని ముందు జనుము వేయాలన్నది ఇంకో పథకం. రోహిణి కార్తెలో పడ్డ వానకు జనుము చల్లితే, అది పచ్చగ నేలంతా కమ్ముకుంటది. మట్టి కొట్టుకపోదు, కలుపు లేవదు. పూతకు రాంగనే దున్ని మట్టిలో కలిపితే అదే ఎరువు. దాని మీద సోయా విత్తాలె. జనుము వేసిన రైతుకు విత్తనం ఉత్తగ ఇచ్చి, ఎకరానికింత అని పైసలిస్తమన్నరు. రైతులు దాన్ని ఇనాం అనేటోళ్లు. మంచి ఆలోచన, ఇప్పటికీ మంచిదే అంట. కాకపోతే ఒక షరతు పెట్టిన్రు. ఆఫీసు మనిషి పోయి, పంట పూత మీద నిలబడి ఉన్నప్పుడు కండ్లారా చూస్తేనే ఇనాం. దున్నినంక వస్తే లేదు. అంటే పంట మట్టిలో కలిస్తే రైతుకు లాభం, కలవకుండ ఎదురుచూస్తే రైతుకు ఇనాం. నడుమ ఉన్న కొద్ది రోజుల సందులో సర్కారు వచ్చి చూసిపోవాలె. సర్కారు ఎప్పుడన్న సందు చూసుకోని వచ్చిందా?

పాలాయనది పురానాపూల్ అవతల, పొద్దున్నే సైకిల్ మీద వచ్చేంత దూరంలో ఒక ఊరు. రెండు మూడు బర్రెలు, వాన మీద పండే ఇంత చెల్క. నాకంటే పెద్దాయన. గడప ముందట పాలు కొలుస్తుంటే నేను జనుము గురించి ఉపన్యాసం మొదలుపెట్టిన.

"జనుము బర్రెకేస్తే పాలొస్తయ్ సారు. మట్టికేస్తే ఏమొస్తది?"

"మట్టి కూడ బర్రె లెక్కనే అన్నా. మేపితే ఇస్తది."

"మట్టిని పిండుడు నాకు రాదు."

"సోయా పిండుతది. నువ్వు పూతకు రాంగనే దున్ను చాలు. ముదిరిందంటే కట్టెలైతది, ఎందుకూ పనికిరాదు."

"ఇనాం ఇస్తరా నిజంగ?"

"చూసేది నేను, రాసేది నేను. నీకేం ఫికర్?"

ఆయన నవ్వి క్యాన్ మూత పెట్టిండు. "పొద్దుగాల నా పాలు తాగే మనిషివి. నీ మాట మీద ఏస్త."

జనుము మంచిగ మొలిచింది. అంతలో ఆషాఢం వచ్చింది. ఆషాఢం పడ్డదంటే మా పాతబస్తీలో ఆఫీసు గడియారం వేరే, గల్లీ గడియారం వేరే. పందిళ్లు, వేపకొమ్మలు, ఫలహారపు బండి. బోనాల కమిటీలో నా జిమ్మేదారి మైకు భోంగాలు కట్టించుడు. చిన్న పని కాదది. ఎవరి ఇంటి మీద కడితే వాళ్లు చెవులు పగులుతున్నయని లొల్లి, కట్టకపోతే అమ్మవారి పాట మాకెందుకు వినపడొద్దని పక్కింటోళ్లు లొల్లి. జనుము చూసిరావడం నాకు మనసులోనే ఉండె. మనసులోనే ఉండిపోయింది.

"సారు, పూత పడ్డది," అన్నడు పాలాయన ఒక పొద్దున.

"బోనాలు కానియ్యన్నా."

"పూతకు బోనాలు తెల్వదు సారు."

"అమ్మవారికి తెలుసు. కొంచెం ఆపుతది."

మళ్లా ఒకనాడు గుర్తుచేసిండు. "గల్లీ బోనాలన్నిటికీ పెరుగు నేనే తెస్తున్న. ఒక్క పూట నా చెల్కకు రాలేవా?" రేపు అన్న. ఆ రేపటికి ముసురు పట్టింది. నేను నిచ్చెనెక్కి, పండ్ల నడుమ తీగ పట్టుకోని భోంగా కడుతున్న. మా ఇంటామె కింద నిచ్చెన పట్టుకోని ఉంది. ఆయన తడుసుకుంట సైకిల్ ఆపిండు.

"నేల పదును మీదున్నది సారు. ఇప్పుడు దున్నకపోతే కట్టెలైతది. ఏం చేయమంటవ్?"

"దున్నెయ్," అన్న పైనుంచే. "నేను రాసుకుంట తియ్యి."

దున్నిండు.

బోనాలయినంక జీపులో పై అధికారి, నేను పోయినం. చెల్క నల్లగ, మెత్తగ ఉంది. అక్కడక్కడ జనుము కాడలు మట్టిలోంచి తేలి కుళ్లు వాసన వస్తున్నది. సరిగ్గ నేను ఉపన్యాసంలో చెప్పినట్టే ఉంది. అధికారి బూట్లకు బురద అంటుతదని జీపు దిగలేదు.

"జనుము ఏదయ్యా?"

"దున్నిన సార్. సారుకెరుక," అని పాలాయన నన్ను చూపించిండు.

అధికారి నా దిక్కు తిరిగిండు. "పూత మీద ఉన్నప్పుడు మీరు చూశారా?"

"చూడలేదు సార్," అన్న. నిజమే కద. నిజం అంత సులువుగ నా నోట ఎన్నడూ రాలేదు. మిగతా సగం చెప్తే, ఆ రోజులన్నీ ఫీల్డ్‌లో తిరిగినట్టు నేను రాసుకున్నది బయటపడుతది. మింగిన.

"విత్తనం బర్రెలకు పెట్టి ఉంటాడు," అన్నడు అధికారి. పాలాయన నా ముఖం చూసిండు. నేను చెల్క చూసిన.

పక్క చెల్క ఆసామి దున్ననే లేదు. జనుము మనిషెత్తు పెరిగి, ముదిరి, గాలికి గలగలమంటున్నది. అధికారి సంబరపడి ఫోటో తీయించిండు. ఆ ఆసామికి ఇనాం ఇచ్చిన్రు, ఆదర్శ రైతు అని శాలువా కప్పిన్రు. ఆ కట్టెల్లో నాగలి దిగక ఆ ఏడు ఆయన సోయా విత్తనే లేదు. శాలువా మాత్రం మస్తుగుండె.

ఇంతటితో ఆగినా బాగుండు. ఒకరోజు, ఆయనే పాలు పోసే మా గల్లీ మొగదల ఇరానీ హోటల్‌లో చాయ్ తాగుతుంటే, "ఏంది సార్, మన పాలన్నకు ఇనాం వచ్చిందా?" అని ఎవరో అడిగిన్రు. లోపల దొంగ ఉన్నోడికి నాలుక ఆగదు. "జనుము ఎటు పోయిందో మీ చాయ్ గ్లాసుల చూసుకోండ్రి," అన్న. హోటలంతా నవ్వింది. నేను కూడ నవ్విన.

తెల్లారి నుంచే ఆయన పేరు జనుము పాలు. "సర్కారు గడ్డి వాసనొస్తున్నయ్ ఏందన్నా?" అని ఒకరు, "మా వంతు ఇనాం మాకియ్యి" అని ఒకరు. మొదట్లో ఆయన కూడ నవ్విండు. తర్వాత దున్నిన సంగతి విడమర్చి చెప్పబోయిండు. చెప్పినకొద్దీ నవ్వు పెరిగింది. విత్తనం మింగినోడు నీళ్లు కలపడా అన్న మాట ఆడవాళ్ల దాకా పోయింది. ఒక్కొక్క ఇల్లు బూత్ పాలకు మళ్లింది. ఆఖరికి ఒకనాడు మా గడప ముందట క్యాన్ దించి, "రేపటి సంది రాను. హుస్సేనీ ఆలం దిక్కు ఇండ్లు దొరికినయ్," అన్నడు.

"ఎందుకన్నా?" అని మా ఇంటామె అడిగింది.

"ఇంత దూరం తొక్కుడైతలేదమ్మా," అన్నడు. నేను లోపల పేపర్ చదువుకుంటున్న. ఆయన నా మాట ఆమె ముందర ఎత్తలేదు.

తర్వాతి ఏండ్లలో ఆ దిక్కు రైతులు తెలివి నేర్చిన్రు. జీపు పోయే తోవ పొంటి రెండు సాళ్లు జనుము చల్లి, పూత రాలి కాయ పడేదాక కాపాడేటోళ్లు. వెనుక చెల్కంతా ఖాళీ. పథకం దిగ్విజయమని నేనే రాసిన. ప్రమోషన్ వచ్చింది.

కొన్నేండ్లకు, మా ఇంటికి భోజనానికొచ్చిన తోటి ఉద్యోగికి నేను జనుము పాల కథ చెప్తున్న. ఎప్పుడు చెప్పినా నవ్వు గ్యారంటీ ఉన్న కథ అది. ఆమె చెవిన పడేటట్టు చెప్పుడు మాత్రం అదే మొదటిసారి. మా ఇంటామె వడ్డించుకుంట ఆగింది.

"దున్నెయ్ అన్నది నువ్వే కద? నిచ్చెన నేనే పట్టుకున్న."

నేను పచ్చడి గిన్నె వచ్చినాయన దిక్కు జరిపిన.

"మరి ఆ మనిషి ఇనాం అందుకే పోయిందా? పాలు బంద్ చేసింది అందుకేనా? దూరమని చెప్పిండే నాతోని." ఆమె గరిటె గిన్నెలో పెట్టి లోపలికి పోయింది. వచ్చినాయన పెరుగన్నం గబగబ తిని లేచిండు.

మర్నాడు పొద్దున్నే పురానాపూల్ కాడ నిలబడ్డ. ఆయన వచ్చిండు. సైకిల్ అదే, మనిషి సన్నబడ్డడు. నన్ను చూసి బ్రేక్ వేసిండు కానీ దిగలేదు. ఏండ్ల సంది కూడబెట్టుకున్న మాటలన్నీ చెప్పిన. ఓపికగ విన్నడు.

"గిదంత నాకెరుకే కద సారు. చెల్క నాది, దున్నింది నేను. ఎరుకున్నోనికి చెప్తే ఏమొస్తది? ఎరుక లేనోళ్లకు చెప్పు."

"నాతోని వస్తవా అన్నా?"

ఆయన క్యాన్ మూత అదిమి చూసుకున్నడు. "పాలు పోసి వస్త."

పోసి వచ్చిండు. ఇద్దరం మా గల్లీ మొగదల హోటల్ ముందట ఆగినం. పాత మనుషులే కూసోని ఉన్నరు.

"ఏందన్నో జనుము పాలు, తోవ తప్పినవా?" అన్నడొకడు లోపలినుంచి.

నేను ఆయన పక్కన నిలబడి, అందరికీ వినపడేటట్టు చెప్పిన:

"ఆ పేరు పెట్టింది నేను. ఈయన జనుము వేసిండు, పూతకొచ్చింది, నన్ను రమ్మని బతిమాలిండు. నేను పోలేదు. దున్నమన్నది నేనే. జీపు కాడ నోరు మూసుకున్నది నేనే, ఇదే హోటల్‌ల కూసోని నోరు తెరిచింది నేనే. ఈయన విత్తనం తినలే, పాలల్ల నీళ్లు కలపలే. అన్నా, తప్పు నాది. నా కొలువు కాపాడుకుందామని నీ ఇజ్జత్ తీసిన. నన్ను మాఫ్ చెయ్యి."