అర్థమైతేనే అట్ట

ప్రొద్దుటూరులో పుస్తకాలు కుట్టే షరీఫ్ మామకు ఒకటే పట్టు. లోపల ఏముందో అర్థం కానిదే ఏ పుస్తకానికీ అట్ట వేయడు. ఆ రోజు నేను వెళ్లేసరికి ఒళ్లో కాగితాల కట్ట పెట్టుకొని, మైనం రాసిన దారంతో కుడుతున్నాడు.

పక్కన జిరాక్స్ అంగడి నాది. వేరుశనగ పురుగుల మీద ఒకాయన థీసిస్ తెచ్చి, రెండు రోజులు మామ ముందు కూర్చొని విడమరిచి చెప్పాక, రాజుపాలెం రైతులు మందు పేర్లు అడగడానికి బైండింగు అంగడికి రావడం మొదలుపెట్టారు. న్యాయశాస్త్రం కుట్టిన నెలలో మామతో గొడవ పడడానికి మా వీధిలో ఒక్కరికీ ధైర్యం చాలలేదు.

ఆ రోజు మామ ఎదుట స్టూలు మీద జమ్మలమడుగు సుజాత. నాలుగు గంటల బస్సు అందుకోవాలి. రేపు పొద్దున యూనివర్సిటీలో ఫిజిక్స్ థీసిస్ ఇచ్చి, పెద్దల ముందు మాట్లాడాలి. మొన్న గైడు ముందు మొదటి ప్రశ్నకే నోరు పడిపోయిందట. రేపూ అట్లే అయితే ఆరేండ్ల చదువు గంగపాలే.

“అట్ట వెయ్యి మామా. ఇది నీకు అర్థమయ్యేది కాదు.”

“నీకు అర్థమైందా?”

“అయింది.”

“అయితే చెప్పు.”

సుజాత నిట్టూర్చింది. “పదార్థముంది, దానికి ఎదురు పదార్థముంది. తగిలితే రెండూ వెలుగైపోతాయి. ప్రపంచాన్ని అద్దంలో తిప్పి, ఒకదాని చోట ఇంకోటి పెడితే అంతా అచ్చం అట్లే నడవాల. నడవదు. రవ్వంత తేడా.”

“ఆ తేడా లేకుంటే ఏంది నష్టం?”

“రెండూ సమానంగా ఉండి, కొట్టుకొని మాయమయ్యేవి. నువ్వు లేవు, నేను లేను, ప్రొద్దుటూరు లేదు.”

“పులివెందుల?”

“అదీ లేదు మామా.”

“శానా పెద్ద విషయమే. తేడా యాడి నుంచి వచ్చింది?”

మొన్న గైడు అడిగిందీ అదే. మామ కుడుతూనే ఉన్నాడు. సుజాత ఒక కాగితపు పీలిక తీసుకొని, ఒక మెలిక తిప్పి, కొసలు అంటించి గోడ అద్దం ముందు పట్టింది.

“పొడవు, వెడల్పు, ఎత్తు కాకుండా కంటికి కనపడనంత చిన్నగా చుట్టుకున్న దిక్కులు ఇంకా ఉండాయనుకుంటాం. ఈ మెలిక చూడు, అద్దంలో ఎదురు పక్కకు తిరిగింది. ఆ దిక్కులు చుట్టుకున్న తీరులో ఇట్లాంటిదుంటే తేడా ఆడనే పుడుతుంది. ఎంత పుడుతుందో నేను లెక్క కట్టినా.”

“మడతలోనే ఉందంటావు. నిజమేనా?”

“ఇంకా ఎవురికీ తెలీదు. ఈ లెక్కలో ప్రతి కణానికీ ఒక జంట ఉండాల. అదీ కనపడలా.”

“జంటను చూడకనే ఇంత పుస్తకం రాసినావా!”

సుజాత పకపకా నవ్వింది. ఆ తర్వాత అరగంట ఆగకుండా చెప్పింది. జిరాక్సులకు వచ్చినవాళ్లు కూడా నిలబడి విన్నారు.

మామ దారం తెంపాడు. “అర్థమైంది” అంటూ బరువు కింది నుంచి ఆమె థీసిస్ ప్రతులు ఐదూ తీశాడు. నల్ల అట్టలు, బంగారు అక్షరాలు. జిగురు కూడా ఆరిపోయింది.

“ఇవి ఎప్పుడు వేసినావు?”

“నిన్ననే.”

“మరి నన్నెందుకు ఇంతసేపు...”

“కాగితాలు ఇచ్చిన దినం నీ గొంతు నాకే ఇనపడలా. రేపు వాళ్లకు ఇనపడాల గదా!”

పురుగులాయన ఇదే స్టూలు మీద రెండు రోజులు ఎందుకు కూర్చున్నాడో నాకప్పుడు తెలిసింది.

“మరి ఇంతసేపూ కుట్టిందేంది మామా?” అన్నాను.

ఒళ్లోని కట్ట తెరిచి సుజాతకు చూపించాడు. అన్నీ తెల్ల కాగితాలే. “జంట కనపడితే దీంట్లో రాయి.”

“దీనికి అట్ట ఏది?”

“లోపల ఏముంటాదో నాకింకా తెలీదు గదమ్మా!”

ఐదు థీసిస్‌లతో పాటు ఆ తెల్ల కట్టనూ సంచిలో సర్ది ఆమె చేతికిచ్చాడు. బస్సుకు ఇంకా ఇరవై నిమిషాలున్నాయి.